రెండు సాగరముల రాజు: బల్లాలసేనుడు

సూర్యగ్రహణ పుణ్యకాలమున గంగానది యొడ్డున ఒక రాజమాత బంగారముతో చేయించిన గుఱ్ఱమును దానమిచ్చెను. ఆమె పేరు విలాసదేవి. ఆ దానక్రతువును నడిపిన ఆచార్యునకు దక్షిణగా ఆమె కుమారుడగు రాజు ఒక గ్రామమునే ధారవోసి, ఆ సంగతిని రాగిరేకుపై చెక్కించెను. ఆ రాజు గౌడ వంగ దేశముల నేలిన బల్లాలసేనుడు. ఆ యేడు అతని రాజ్యకాలమున 11వది. ఆ రేకు బర్ద్వాన్ ప్రాంతమందలి కాట్వా పట్టణమునకు చేరువ నైహాటి యను పల్లెలో దొరకినది. చరిత్రకారులు దానిని నైహాటి శాసనమని వ్యవహరింతురు. బల్లాలసేనుని కాలమునాటి శాసనములు మనకు దొరకినవి బహుస్వల్పము. దొరకిన రాగిరేకు ఒక గ్రహణమును, ఒక దానమును గూర్చి చెప్పుచుండుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆ రాజు మనస్సంతయు ఆ రెండు విషయముల నడుమనే తిరుగాడినదని చెప్పినచో తప్పు కాదు. ఆకాశమున కనిపించు కీడు ఒకటి. చేతితో ఇచ్చు దానము మరియొకటి. ఈ రెండింటిని గూర్చియు అతడు రెండు మహాగ్రంథములను తలపెట్టెను. వానికి అతడు పెట్టిన పేర్లు అద్భుతసాగరము, దానసాగరము.

సేనవంశీయులు పుట్టుకచే వంగదేశీయులు కారు. కర్ణాటదేశమునుండి వచ్చిన బ్రహ్మక్షత్రియులమని వారు తమ శాసనములలో చెప్పుకొనిరి. వంశమున పూర్వుడగు సామంతసేనుడు దక్షిణాపథమున యుద్ధములు చేసి, వార్ధకమున గంగాతీరమందలి ఆశ్రమభూములలో కాలము గడపెనట. అతని మనుమడు విజయసేనుడు పాలరాజుల బలము సన్నగిల్లుటను కనిపెట్టి వంగదేశమున స్వతంత్రరాజ్యమును స్థాపించెను. ఇతడే బల్లాలసేనుని తండ్రి. విజయసేనుని కీర్తిని ఉమాపతిధరుడను కవి దేవపారా శాసనమున పాడినాడు. అందొక చమత్కారము కలదు. రాజిచ్చిన దానములచే శ్రోత్రియుల యిండ్లు మణులతో నిండిపోయెనట. ఆ యింటి ఇల్లాండ్రకు వాని నెన్నడును చూచిన యలవాటు లేదు. అందుచే పట్టణస్త్రీలు వచ్చి ముత్యములను ప్రత్తిగింజలతోను, మరకతములను కూరాకులతోను, వెండిని సొరపూవులతోను, కెంపులను దానిమ్మగింజలతోను, బంగారమును గుమ్మడిపూవులతోను పోల్చి వారికి గుర్తులు నేర్పవలసి వచ్చెనట. ఆస్థానకవి అతిశయోక్తిని అట్లుండనిత్తము. ఏ గుణమును పొగడినచో రాజు సంతసించునో కవికి తెలియును. సేనరాజులు తమ్ము దాతలని పొగడించుకొనగోరిరి. బల్లాలుడు పెరిగినది అట్టి యింట.

తల్లి విలాసదేవి శూరవంశపు ఆడుబిడ్డ. నైహాటి శాసనము చెప్పు స్వర్ణాశ్వము ఆమె యిచ్చిన మొదటి మహాదానము కాదు. భర్త బ్రతికియున్న కాలముననే ఒక చంద్రగ్రహణమునాడు విక్రమపురమందలి రాజగృహమున ఆమె కనకతులాపురుషదానము గావించెను. ఆ సంగతిని విజయసేనుని బారక్‌పూరు శాసనము తెలుపుచున్నది. తులాపురుషము మన తెలుగువారికి క్రొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి విజయానంతరము అమరావతిలో అమరేశ్వరుని సన్నిధిని చేసినది ఈ దానమే. మత్స్యపురాణము చెప్పిన పదునారు మహాదానములలో అది మొదటిది. పెద్ద త్రాసును నిలిపి, హోమము జరిపి, కత్తియు డాలును ధరించిన దాత ఒక తట్టలో కూర్చుండును. అతని పిడికిళ్లలో బంగారముతో చేసిన సూర్యప్రతిమ యొకటి, ధర్మరాజగు యముని ప్రతిమ యొకటి యుండును. రెండవ తట్టలో అతని బరువునకు సరిపడునంత, లేదా అంతకు మించి బంగారము పోయుదురు. అందు సగము గురువునకు, తక్కినది ఋత్విజులకు చెందును. దీనులకును వేరుగ పంచిపెట్టవలెను. ఈ విధిలో ఒక చిన్న నిబంధన కలదు. ఒకసారి తూచిన బంగారమును దాత ఎక్కువకాలము తన యింట ఉంచుకొనరాదు. ఉంచుకొనినచో భయమును, రోగమును, శోకమును కలుగునని పురాణము హెచ్చరించినది. దాత దేహమునంటియున్న కీడు త్రాసుమీద బంగారములోనికి దిగినదనియు, బంగారముతోపాటు అది గడప దాటిపోవలెననియు ఆ విధి వెనుకనున్న భావన. తల్లి అట్లు త్రాసునెక్కుటను బల్లాలుడు యువరాజుగా చూచియే యుండును.

ఈ భావనయే గ్రహదానములకును మూలము. గ్రహములు మనుష్యులకు శుభాశుభములు కలిగించుననియు, ప్రతికూలించిన గ్రహమును పూజచేతను దానముచేతను అనుకూలింప జేసికొనవచ్చుననియు ధర్మశాస్త్రకర్తలు నమ్మిరి. యాజ్ఞవల్క్యస్మృతి గ్రహశాంతిని ప్రత్యేకముగ వివరించి, ఏ గ్రహమునకు ఏ దక్షిణ ఈయవలెనో నిర్ణయించినది. సూర్యునకు పాడియావు, చంద్రునకు శంఖము, కుజునకు ఎద్దు, బుధునకు బంగారము, గురునకు వస్త్రము, శుక్రునకు గుఱ్ఱము, శనికి నల్లని యావు, రాహువునకు ఇనుము, కేతువునకు మేక. రాజుల ఉన్నతియు పతనమును గ్రహముల యధీనమున నున్నవి కావున రాజులు వానిని విశేషముగ పూజింపవలెనని ఆ స్మృతియే చెప్పినది. సామాన్యులకు ఆవులును గుఱ్ఱములును అందవు. అందుచేతనే కాబోలు, కాలక్రమమున నవగ్రహములకు నవధాన్యములు కుదిరినవి. సూర్యునకు గోధుమలు, చంద్రునకు బియ్యము, కుజునకు కందులు, బుధునకు పెసలు, గురునకు సెనగలు, శుక్రునకు బొబ్బర్లు, శనికి నువ్వులు, రాహువునకు మినుములు, కేతువునకు ఉలవలు అని నేడును మన యిండ్లలో పెద్దలు లెక్కపెట్టుదురు. సిరి గలవాడు ఎత్తు బంగారము నిచ్చినను, పేదవాడు చారెడు నువ్వులిచ్చినను ఇరువురి యాశయు ఒక్కటియే.

విలాసదేవి సూర్యగ్రహణమునకు గుఱ్ఱమును ఎన్నుకొనుటలో ఔచిత్యము లేకపోలేదు. సూర్యుని రథమునకు కట్టిన యేడు గుఱ్ఱములు ఏడు ఛందస్సులని పురాణభావన. స్వర్ణాశ్వమును దానమిచ్చునపుడు ఆ యశ్వమును సూర్యస్వరూపముగనే స్తుతింతురు. రాహుగ్రస్తుడైన సూర్యుని యెదుట, సూర్యుని తేజస్సు వంటి బంగారముతో, సూర్యుని వాహనమును చేసి యిచ్చుట ఆ దానమందలి కల్పన. అట్లని ఆనాటి పండితులకు గ్రహణకారణము తెలియదని తలచరాదు. 499లో తన గ్రంథమును రచించిన ఆర్యభటుడు గ్రహణములు భూమి నీడవలనను చంద్రుని యడ్డువలనను కలుగుచున్నవని స్పష్టముగ చెప్పియుండెను. గణకులు గ్రహణము పట్టు వేళను, విడుచు వేళను ముందుగనే లెక్కకట్టి చెప్పుచుండిరి. ఆ లెక్క ననుసరించియే రాజమాత గంగకు చేరినది. ఆ లెక్కచెప్పిన పండితులే రాహువునకు శాంతియు చెప్పిరి. వారికి ఈ రెండింటిలో విరోధము తోచలేదు. కారణము తెలిసినంతమాత్రమున భయము తొలగదని వారి యనుభవము కాబోలు.

బల్లాలసేనుడు శకవర్షము 1082లో, అనగా 1160లో సింహాసన మెక్కెను. ఈ సంవత్సరమును మనకు తెలిపినది అతని గ్రంథమే. అప్పటికి అతడు యువకుడు కాడు. కుమారుడు లక్ష్మణసేనునకే నలువదియేండ్లు వచ్చియుండునని తరువాతి యాధారములనుబట్టి ఊహింపవచ్చును. దీర్ఘకాలము రాజ్యమేలిన తండ్రి నీడన యువరాజుగా గడపిన సంవత్సరములను అతడు చదువునందు వినియోగించెనని అతని గ్రంథములే చెప్పుచున్నవి. భార్య రామదేవి చాళుక్యరాజపుత్రి. వంగదేశమున స్థిరపడి మూడు తరములైనను సేనులకు దక్షిణదేశముతో సంబంధము తెగలేదు. యుద్ధముల విషయమున చెప్పదగినది కొంచెమే. భాగల్పూరు ప్రాంతమున సానోఖర్‌లో దొరకిన అతని 9వ రాజ్యసంవత్సరపు శాసనమునుబట్టి అతని యధికారము తూర్పు మగధవరకు వ్యాపించెనని తెలియుచున్నది. అతడు పరమమాహేశ్వరుడు, నిశ్శంకశంకరుడను బిరుదమును ధరించెను. తండ్రి గెలిచిన రాజ్యమును అతడు నిలిపినాడు; అంతకంటె ఎక్కువ పొగడుట అనావశ్యకము. అతని కీర్తికి స్థానము రణభూమి కాదు, గ్రంథాలయము.

గురువు అనిరుద్ధభట్టు వరేంద్రభూమిలో ప్రసిద్ధుడు. ఆశౌచవిధులపై హారలతయు, శ్రాద్ధాది కర్మలపై పితృదయితయు ఆయన రచనలు. పురాణముల యందును స్మృతుల యందును గల రహస్యములను ఆ గురువు పాదములకడ నేర్చితినని రాజు సవినయముగ చెప్పుకొనెను. ఆ విద్యకు ఫలమే దానసాగరము. శకవర్షము 1091లో, అనగా 1169 ప్రాంతమున, అది ముగిసినది. 70 ప్రకరణములలో 1375 విధములగు దానములను అందు వర్ణించెను. పదునారు మహాదానములు మొదలుకొని గోదానము, భూదానము, అన్నదానము, జలదానము, విద్యాదానము. ఏ మాసమున, ఏ తిథిని, ఏ నక్షత్రమున ఏ వస్తువు ఈయవలెను. ఎవరికి ఈయవచ్చును, ఎవరికి ఈయరాదు. ఇచ్చువాని మనస్సు ఎట్లుండవలెను అను విషయములన్నియు అందు కలవు. దీనికి ముందే ప్రతిష్ఠాసాగరము, ఆచారసాగరము అను రెండు గ్రంథములను తాను వ్రాసితినని అతడు పేర్కొనెను. రాజునకు సాగరములన్నచో మక్కువ.

ఉపాధ్యాయులు ఈ గ్రంథములో తప్పక గమనింపదగినది దాని పీఠిక. ప్రాచీనగ్రంథములనుండి వచనములను ఏర్చికూర్చు నిబంధకర్తలు మనదేశమున పెక్కుమంది కలరు. బల్లాలునకు ముందు కాశీరాజ్యమున లక్ష్మీధరుడును, తరువాత యాదవరాజుల మంత్రి హేమాద్రియు దానవిధులను సంకలనము చేసిరి. మన రెడ్డిరాజులలో ప్రోలయవేముడు హేమాద్రి గ్రంథము ననుసరించి దానములు చేసి ప్రసిద్ధికెక్కెను. కాని ఏ గ్రంథములను ప్రమాణముగ గ్రహించితిని అనుటతోపాటు వేనిని ఏల విడిచితిని అని బల్లాలుడు చెప్పినంత విపులముగ చెప్పినవారు అరుదు. భాగవతము, బ్రహ్మాండము, నారదీయము దానవిధులు లేనివగుటచే విడిచెను. లింగపురాణము పెద్దదే యైనను అందలి మహాదానములు మత్స్యపురాణమున నున్నవే యని తెలిసి విడిచెను. భవిష్యపురాణమును సప్తమీవ్రతములవరకే గ్రహించెను. దేవీపురాణమును పాషండమతానుసారి యని త్రోసిపుచ్చెను. పురాణముల పేరిట క్రొత్తగా పుట్టి ప్రచారమునకు వచ్చిన కొన్ని పాఠములను అతడు నమ్మలేదు. అతని నిర్ణయము లన్నింటితోను ఏకీభవింప నక్కరలేదు. దేవీపురాణము విషయమున మతాభిమానమును కొంత పనిచేసియుండును. ఐనను పన్నెండవ శతాబ్దమున ఒక రాజు తాళపత్రములను ముందిడుకొని, ఇది ప్రాచీనము, ఇది తరువాత చేర్చినది అని పరిశీలించుట సామాన్యవిషయము కాదు. నేటి పురాణపరిశోధకులు ఏ పురాణభాగము ఏ కాలమునాటికి ప్రచారమందున్నదో నిర్ణయించుటకు ఈ పీఠికను నిత్యము ఆశ్రయింతురు.

ఈ గ్రంథము నిజముగ రాజు వ్రాసినదేనా అను సందేహము పూర్వమే పుట్టినది. పదునారవ శతాబ్దమున వంగదేశపు స్మార్తశిరోమణి రఘునందనుడు దానసాగరమును అనిరుద్ధభట్టుదిగా పేర్కొనెను. గురువు చేయి ఎంతవరకు నడిచినదో తేల్చుట నేడు సాధ్యము కాదు. శిష్యుడు గురువు పేరును దాచలేదు, అంతమాత్రము నిశ్చయము. కలకత్తా ఏషియాటిక్ సొసైటీవారు 1953-56 నడుమ దానసాగరమును ప్రకటించిరి.

రెండవ సాగరము కథ వేరు. అద్భుతసాగరమును రాజు శకవర్షము 1090లో ఆరంభించెను. ఆ సంవత్సరమును అతడు అంకెలతో కాక, శూన్యమునకు ఆకాశమును, ఒకటికి చంద్రుని గుర్తులుగా వాడు మన పూర్వుల పద్ధతిలో చెప్పెను. అద్భుతమనగా ఇచట వింత యని మాత్రమే యర్థము కాదు. ప్రకృతికి విరుద్ధముగ తోచి రాబోవు కీడును సూచించునది. మనుష్యులు లోభముచేతను అసత్యముచేతను ధర్మము తప్పినపుడు దేవతలు ఇట్టి సూచనలు పంపుదురని గర్గాదులు తలచిరి. వానిని దివ్యములు, ఆంతరిక్షములు, భౌమములు అని మూడుగ విభజించిరి. గ్రహములును నక్షత్రములును సప్తర్షులును తోకచుక్కలును గ్రహణములును దివ్యములు. ఉల్కలు, ఇంద్రధనుస్సులు, సూర్యచంద్రుల చుట్టు గూడు కట్టుట, పిడుగులు, సుడిగాలులు ఆంతరిక్షములు. భూకంపములు మొదలుకొని చెట్టు అకాలమున పూచుటవరకు భౌమములు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రకరణము చొప్పున రాజు గ్రంథమును నడిపించెను. సాగరమని పేరు కావున ప్రకరణములకు ఆవర్తములని, అనగా సుడులని, పేరిడెను. గర్గుడు, వృద్ధగర్గుడు, పరాశరుడు, వరాహమిహిరుడు మొదలగువారి వచనములను ఆయా ఘట్టములలో గుదిగుచ్చెను. పరాశరుని పేర ప్రచారమున నుండిన ప్రాచీనజ్యోతిషగ్రంథము పూర్తిగా దొరకకపోయినను, తోకచుక్కలను గూర్చిన దాని వచనములు నేడు మనకు లభించుటకు బల్లాలుని సంకలనము ముఖ్యాధారము. కీడునకు వెరచి చేసిన సంకలనము ఖగోళచరిత్రకారులకు నిధి యైనది. 1905లో కాశీలో మురళీధరఝా అను పండితుడు దానిని అచ్చువేయించెను.

ఈ రెండు గ్రంథములకు గల బంధుత్వము వరాహమిహిరుని బృహత్సంహితలో తేటపడును. భౌమమగు ఉత్పాతము శాంతిచే పూర్తిగ తొలగును. ఆంతరిక్షము మెత్తబడును. దివ్యమగు ఉత్పాతము శాంతికి లొంగదని కొందరి మతము. కాని వరాహమిహిరుడు అంతటితో ఆగలేదు. బంగారము, అన్నము, గోవులు, భూమి విరివిగ దానమిచ్చినచో దివ్యమును శమించునని చెప్పెను. అనగా శాంతికి లొంగదని కొందరు తలచిన ఆకాశము దానమునకు లొంగును. మత్స్యపురాణము మహాదానములకు తగిన కాలములను లెక్కించుచు అయనములు, విషువములు, గ్రహణములతోపాటు చెడుకలలును అద్భుతములును కనబడినపుడు కూడ చేయవలెనని విధించినది. కావున అద్భుతసాగరము వ్యాధిని చెప్పు గ్రంథము, దానసాగరము మందును చెప్పు గ్రంథము. తేదీలను చూచినచో మరియొక విశేషము తోచును. రాజు మొదట వ్యాధిని గూర్చి వ్రాయ మొదలిడెను. ఏడాది తిరుగునప్పటికి మందును గూర్చిన గ్రంథము ముగిసినది. వ్యాధిని గూర్చినది అతని జీవితకాలమున ముగియనే లేదు. మనుష్యుడు ఈయదగిన వస్తువులకు 1375 అని లెక్క కుదిరినది. భయపడదగిన వానికి లెక్క కుదరలేదు.

ఇంతవరకు దాత వైపునుండి చూచితిమి. రాగిరేకునకు రెండవ వైపును కలదు. నైహాటి శాసనము ఇచ్చిన గ్రామమునకు ఎల్లలు చెప్పినది. భూమిని విజయసేనుని బిరుదము పేర వెలసిన కొలకోలతో కొలిచినట్లు చెప్పినది. దానిపై వచ్చు ఆదాయమును గవ్వల లెక్కలో, కపర్దకపురాణములలో చెప్పినది. సేనరాజుల నాణెములు దొరకలేదు. వంగదేశపు సంతలలో నాడు చెల్లినవి గవ్వలు. ఆ గవ్వలను కూడబెట్టి పన్ను కట్టినవాడు ఆ యూరి సేద్యగాడు. గ్రహణమునకు పూర్వము రాజునకు కట్టెను. గ్రహణానంతరము దానగ్రహీతకు కట్టెను. బంగారు గుఱ్ఱము రాజమాత పాపమును మోసికొనిపోయినది. ఆ గుఱ్ఱమునకు దక్షిణను మోసినవాడు మాత్రము అతడే. శాసనములలో అతని పేరు ఉండదు. దానసాగరము పాత్రాపాత్రవిచారమున విద్యగల బ్రాహ్మణునకే అగ్రస్థానమిచ్చినది. ఆ కాలపు ధర్మము అట్టిది. ఐనను ఆ గ్రంథముననే బావులు త్రవ్వించుట, అన్నము పెట్టుట వంటి దానములకును చోటు కలదని మరువరాదు. గ్రహపీడకు భయపడి త్రవ్వించినను, బావిలో నీరు అందరికిని తియ్యగనే యుండును.

వంగదేశమున బల్లాలసేనుని పేరు విననివారు లేరు. కాని సామాన్యజనులు అతనిని స్మరించునది ఈ గ్రంథములచే కాదు, కులీనవ్యవస్థచే. బ్రాహ్మణులలోను కాయస్థులలోను కొన్ని కుటుంబములకు కులీనత్వము నొసగి, వివాహములకు తారతమ్యములు కల్పించినవాడు ఇతడేనని కులపంజికలు ఘోషించుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దమున విద్యాసాగరుడు పోరాడిన కులీన బహుభార్యాత్వమునకు ఈ వ్యవస్థయే మూలము కావున ఆ నింద చిన్నది కాదు. ఐతే ఆ పంజికలు సేనరాజులకు కొన్ని శతాబ్దముల తరువాత వ్రాసినవి. సేనవంశపు శాసనములలో కాని, బల్లాలుని గ్రంథములలో కాని కులీనత్వమును స్థాపించిన జాడ లేదు. 1510లో ఆనందభట్టు రచించినట్లు చెప్పబడు బల్లాలచరితము, ఋణ మీయనందుకు సువర్ణవణిక్కులను రాజు కులహీనులను గావించెనని మరియొక కథ చెప్పును. దానిని చరిత్రగా స్వీకరించుటకు పండితులు సంశయింతురు. ఢాకా సమీపమున విక్రమపురమందలి రామపాలమున బల్లాలబాడి యని యొక స్థలమును, నదియా జిల్లాలో బల్లాలఢిపి యని యొక దిబ్బను జనులు చూపుదురు. పేరు నిలిచినది; పేరునకు తగిన మనుష్యుడు మాత్రము కథల వెనుక దాగిపోయెను.

1178 ప్రాంతమున బల్లాలసేనుడు రాజ్యభారమును కుమారునకు అప్పగించెను. అద్భుతసాగరమున చేర్చిన యొక శ్లోకము ఆ ఘట్టమును చెప్పుచున్నది. గ్రంథము ముగియకమునుపే రాజు కుమారునకు రాజ్యరక్షణదీక్ష నొసగి, తన కృతిని పూర్తిచేయుమని కోరి, భార్య వెంటరాగా గంగ యొడ్డునకు పోయెనట. అచట అతడిచ్చిన నానావిధదానముల ధారాజలము గంగలో కలిసి, గంగకు యమునాసంగమమును కల్పించెనట. పిమ్మట అతడు దేవతలపురికి చేరెనట. దంపతులు గంగలో ప్రవేశించి దేహములు చాలించిరని కొందరును, గంగాతీరమున ఒక పుణ్యస్థలమున వానప్రస్థులై యుండిరని కొందరును దీనికి అర్థము చెప్పిరి. శ్లోకము రెండింటికిని చోటిచ్చుచున్నది. యమున నల్లనిదని కవులు చెప్పుదురు. దానధార నువ్వులతో కలిసి నల్లబడుట ఎరిగినవారికి ఆ పోలిక సహజముగనే తోచును. యమున సూర్యుని కూతురు, యముని చెల్లెలు. శ్లోకము ఆమెను సూర్యపుత్రి యనియే పేర్కొన్నది. ఏనాడో తల్లి తులాపురుషము తూగినపుడు పిడికిళ్లలో పట్టినవియు సూర్యుని, యముని ప్రతిమలే.

కుమారుడు లక్ష్మణసేనుడు తండ్రి కోరిక చెల్లించి అద్భుతసాగరమును పూర్తిచేయించెను. అతనికిని మహాదానములు తప్పలేదు. స్వర్ణాశ్వరథదానమును, ఐంద్రీమహాశాంతియు చేయించి భూములు ధారవోసినట్లు అతని శాసనములు చెప్పుచున్నవి. జయదేవుడు, ధోయి వంటి కవులు అతని కొలువున నుండిరి. 1204-05 శీతకాలమున బఖ్తియార్ ఖిల్జీ నదియాపై పడునప్పటికి అతడు ఎనుబదియేండ్ల వృద్ధుడు. ఆ కథను మనకు చెప్పినవాడు పరదేశీయుడగు మిన్హాజు. నలువదేండ్ల తరువాత లఖ్నౌతికి వచ్చి, అచట విన్న సంగతులను అతడు తన పారసీక చరిత్రలో వ్రాసికొనెను. లక్ష్మణసేనుడు పుట్టునపుడు జ్యోతిష్కులు శుభలగ్నమునకు ఇంకను వ్యవధి కలదని చెప్పగా, తల్లి తన్ను తలక్రిందులుగ కట్టించుకొని ప్రసవమును ఆపెనట; బిడ్డ సులగ్నమున పుట్టెను, తల్లి మరణించెనట. తండ్రి అప్పటికే గతించెనని కూడ మిన్హాజు వ్రాసినాడు. ఇది శాసనములకును అద్భుతసాగరమునకును పొసగని కథ. కాని సేనరాజుల యింట గ్రహములకు ఎంత గౌరవము కలదని లోకము తలచెనో చెప్పుటకు ఈ కథ చాలును.

మిన్హాజు చెప్పిన రెండవ సంగతి మరింత గమనింపదగినది. ఈ దేశము తురకలపాలగునని శాస్త్రములలో నున్నదనియు, జయించువాని చేతులు మోకాళ్లు దాటి యుండుననియు పండితులు రాజునకు విన్నవించిరట. రాజు మనుష్యులను పంపి విచారింపగా బఖ్తియార్ అట్టివాడేనని తెలిసినది. నదియాలోని బ్రాహ్మణులును వర్తకులును పెక్కుమంది తూర్పుదేశములకు తరలిపోయిరి. అద్భుతములను గూర్చి సాగరము వంటి గ్రంథమును పూర్తిచేయించిన రాజు మాత్రము ఆ యద్భుతసూచనను విని నగరమును విడువలేదు. పదునెనిమిదిమంది గుఱ్ఱపురౌతులు వాకిట నిలిచి కేకలు చెలరేగునంతవరకు అచటనే యుండెను. అన్నపుపళ్లెము ముందుండగా లేచి, చెప్పులు లేని కాళ్లతో వెనుకతలుపున వెడలి పడవలో విక్రమపురము చేరెను. అచట సేనవంశము మరికొన్ని యేండ్లు రాజ్యము చేసినది.

జయించిన పక్షమువాడైనను మిన్హాజు ఆ వృద్ధరాజును తూలనాడలేదు. అతడు ఎవనికిని అన్యాయము చేయలేదని విశ్వసనీయులు చెప్పిరనియు, అతని చేతినుండి వెలువడిన కనీసదానము లక్ష గవ్వలనియు వ్రాసెను. ఆ వాక్యము తరువాత, అన్యమతస్థుడైన ఆ రాజునకు పరలోకమున విధింపబడు శిక్షను భగవంతుడు తగ్గించుగాక యని యొక చిన్న ప్రార్థనను చేర్చి, మిన్హాజు తన కథలోనికి సాగిపోయెను.